తేటనీరంతయు మంచినీరేనా?

(పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగపాఠము)



నీటిని తేర్చు పాలిమరులను గూర్చి, అందును ముఖ్యముగా పాలీఅక్రిలమైడు అను పదార్థమును గూర్చి, నాలుగు మాటలు చెప్పవలసినదని ఈ సంఘమువారు నన్ను కోరిరి. ఆ పేరు నోరు తిరుగనిదే కాని, దాని పని మాత్రము మన యిండ్లలోని బిందెకును, మన బిడ్డల పలువరుసకును సంబంధించినది. కావున దీనిని రసాయనశాస్త్రపు పాఠమువలె గాక ఇంటి సంగతివలె చెప్ప ప్రయత్నించెదను.

మన చెట్టికరైలో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల 2013వ సంవత్సరమున వెలసినది. ఆ సంవత్సరముననే హొగేనకల్ నుండి కావేరి జలము ఈ జిల్లాలోని గొట్టములకు చేరెను. విద్యయు నీరును ఒకే యేట మన వాకిటికి వచ్చినవన్నమాట. అంత దూరమునుండి, అంత వ్యయముతో ఆ నీటిని తెప్పింపవలసిన అవసరమేమి? మన బోరుబావిలోని నీరు అద్దమువలె తేటగా నున్నది గదా. లేదా, ఏదో యొక మందు వేసి దానినే బాగుచేసికొనరాదా? ఈ ప్రశ్న మీలో పలువురు అడుగుచుండగా విన్నాను. నేటి నా ప్రసంగమంతయు దీనికి సమాధానమే.

బురద యేల దిగదు?

వానకాలమున చెఱువునీటిని బిందెతో ముంచి తెచ్చి యొక మూల నుంచినచో, ఇసుక చూచుచుండగనే అడుగునకు చేరును. ఒండ్రు కొన్ని గంటలకు దిగును. నీటికి ఎఱ్ఱని రంగునిచ్చు సన్నని బంకమట్టి మాత్రము మఱునాటికిని, ఆ మఱునాటికిని దిగదు. ఇందుకు రెండు కారణములు గలవు.

మొదటి కారణము రేణువుల చిన్నతనము. మిల్లీమీటరులో పదవ వంతు వ్యాసము గల యిసుకరేణువు నిశ్చలమైన నీటిలో ఒక మీటరు లోతు దిగుటకు సుమారు 2 నిమిషములు పట్టును. నూఱవ వంతు గల ఒండ్రురేణువునకు సుమారు 2 గంటలు పట్టును. వేయవ వంతు గల రేణువునకు, అనగా సూక్ష్మజీవియంత రేణువునకు, ఇంచుమించు 8 దినములు కావలెను. పదివేలవ వంతు రేణువునకో, రమారమి 2 సంవత్సరములు! రేణువు పదవ వంతైనచో దిగు కాలము నూఱంతలగునని ఈ లెక్క చెప్పుచున్నది. దానినే తిరుగవేసి చూచినచో, చిన్న రేణువులను పెద్ద ముద్దగా కూర్చగలిగితిమేని సంవత్సరముల పని నిమిషములలో తీరునని తెలియును. నీటిని తేర్చు విద్యయంతయు ఈ యొక్క మాటలో నిమిడియున్నది.

రెండవ కారణము విద్యుత్తు. నీటిలోని మట్టిరేణువులపై సాధారణముగా ఋణవిద్యుత్తు ఉండును. ఒకే జాతి విద్యుత్తు గలవి ఒకదాని నొకటి నెట్టివేయును గదా! అందువలన అవి ఎంత తిరిగినను ఒకచోట కూడవు, కూడనందున పెరుగవు, పెరుగనందున దిగవు.

పటిక, చిల్లగింజ, మునగగింజ

ఈ చిక్కును మన పెద్దలు శాస్త్రము చదువకయే విప్పిరి. పటికముక్కను నీటిలో రెండు మూడు మాఱులు త్రిప్పితీయుట మీరెల్లరు నెఱుగుదురు. పటికలోని అల్యూమినియము ధనవిద్యుత్తు గలది. అదియును ఒక్కొక్క అయానుపై మూడు పాళ్లు. అది మట్టిరేణువుల ఋణవిద్యుత్తును చల్లార్చును. అంతేకాదు, నీటిలోని క్షారగుణముతో కలిసి అల్యూమినియము హైడ్రాక్సైడు అను జిగటపదార్థముగా మాఱును. ఆ జిగట దూదిపింజలవలె నీటిలో తేలుచు, చేతికందిన మట్టినంతయు తనలో చుట్టుకొని మెల్లగా దిగును.

ఈ బల్లపై మూడు గాజుపాత్రలున్నవి. మొదటి రెండింటిలో చెఱువునుండి తెచ్చిన మట్టినీరు గలదు. రెండవ పాత్రలో పటికనీరు కొలిచి పోసి, మొదట వడిగాను తరువాత నెమ్మదిగాను కలియబెట్టించుచున్నాను. అది అట్లే యుండనిండు. మూడవ పాత్ర సంగతి తరువాత చెప్పెదను.

పటికకంటెను మనకు ప్రాచీనమైనది చిల్లగింజ. సంస్కృతమున కతకమనియు, తెలుగున ఇందుప యనియు, ఇరుగుపొరుగు తమిళులు తేత్తాంకొట్టై యనియు దీనిని పిలుతురు. ఇది నీటిని తేర్చునను సంగతి మనుస్మృతి కాలమునాటికే లోకవిదితము. కుండ లోపలి భాగమున ఈ గింజను అరగదీసి నీరు పోసినచో, మఱునాటి యుదయమునకు నీరు తేఱుకొనును. ఈ గింజలోని జిగురుపదార్థము ఋణవిద్యుత్తు గల పొడవైన అణువులతో కూడినదని పరిశోధకులు కనుగొనిరి. మునగగింజ పొడి కూడ నీటిని తేర్చును. కాని దానిలో పనిచేయునవి ధనవిద్యుత్తు గల మాంసకృత్తులు.

ఇచ్చట మీకొక సందేహము కలుగవచ్చును. మట్టిరేణువుపై ఋణవిద్యుత్తు, చిల్లగింజ జిగురుపైనను ఋణవిద్యుత్తు. అట్లయినచో రెండును కలియుట యెట్లు? ఇది చక్కని ప్రశ్న. దీనికి సమాధానము తెలిసినచో పాలీఅక్రిలమైడు పనియు తెలిసినట్లే. పొడవైన అణువు మట్టిరేణువును విద్యుత్తుచే మాత్రమే పట్టుకొనదు. తన పొడవునందలి ఒకానొక భాగముతో ఒక రేణువునకు అంటుకొని, మిగిలిన భాగమును నీటిలోనికి చాచి, దానితో వేఱొక రేణువును తగులుకొనును. నీటిలోని సున్నము, అల్యూమినియము మొదలగు ధనవిద్యుత్తు గల లవణములు మధ్యవర్తులై ఆ అంటుటకు తోడ్పడును. ఈ రీతిగా రేణువునకును రేణువునకును నడుమ వంతెన యేర్పడును. శాస్త్రజ్ఞులు కూడ దీనిని వంతెన కట్టుటయనియే వ్యవహరింతురు.

పాలీఅక్రిలమైడు అననేమి?

అక్రిలమైడు అనునది తెల్లని స్ఫటికరూపముననుండు చిన్న అణువు. 3 కర్బన పరమాణువులు, 5 హైడ్రొజను పరమాణువులు, ఒక నైట్రొజను, ఒక ఆక్సిజను పరమాణువు కలిసినది. ఫ్రాన్సుదేశస్థుడగు మూరూ అను రసాయనశాస్త్రవేత్త దీనిని 1893లో మొదట తయారుచేసెను. వ్యాపారసరళిని దీని ఉత్పత్తి అమెరికాలో 1950 తరువాతి దశాబ్దమున ఆరంభమయ్యెను. 1985 నుండి జపానుదేశమున దీనిని సూక్ష్మజీవుల సహాయముతో చేయు పద్ధతియు అమలులోనికి వచ్చినది. ఆమ్లములతో పనిలేక, సాధారణ ఉష్ణములోనే ఆ జీవులలోని ఎంజైము ఈ పనిని చేసిపెట్టును.

ఈ చిన్న అణువులను పూసలవలె ఒకదానివెంట నొకటి గ్రుచ్చినచో ఏర్పడు దండయే పాలీఅక్రిలమైడు. ఇట్టి దండలవంటి బృహదణువులు నిజముగా కలవని 1920 నుండి వాదించి నిలిచిన జర్మను శాస్త్రజ్ఞుడు స్టాడింజరునకు 1953లో నోబెల్ బహుమానము లభించెను. ఆ దండ యెంత పొడవుండునో ఊహింపుడు. ఒక్క పూస అణుభారము 71. నీటిని తేర్చుటకు వాడు దండ అణుభారము కోటి వఱకును, అంతకుమించియు నుండును. అనగా ఒక్కొక్క దండలో రమారమి లక్షా నలువదివేల పూసలు! దానిని నూలుపోగుతో పోల్చి, పోగు మందము ఒక మిల్లీమీటరు అనుకొందుమేని, పొడవు సుమారు 50 మీటర్లగును. నిజమునకు సాగదీసినను ఆ దండ మన తలవెండ్రుక మందములో సగమైనను కాదు; మట్టిరేణువునకు మాత్రము అది చాల పొడవైన త్రాడు.

ఈ దండలు మూడు విధములు. విద్యుత్తు లేనిది మొదటిది. పూసలలో కొన్నింటిని మార్చి ఋణవిద్యుత్తు కల్పించినది రెండవది. ఇది చిల్లగింజకు చెల్లెలు. ధనవిద్యుత్తు గల పూసలను నడుమ చేర్చినది మూడవది. ఇది మునగగింజకు చెల్లెలు. మట్టినీటికి ఏది, మురుగునీటికి ఏది, గనినీటికి ఏది తగునో వంటలో ఉప్పు చూచినట్లు ప్రతి నీటికిని వేఱువేఱుగా పరీక్షించి తేల్చవలెను. ఆ పరీక్షకు ఆఱు గాజుపాత్రలను వరుసగా పెట్టి, వేఱువేఱు మోతాదులు వేసి, ఏ పాత్రలో పింజలు పెద్దవిగా కట్టి త్వరగా దిగునో చూతురు. ఇందు పుస్తకజ్ఞానముకంటె కంటిచూపునకే విలువ యెక్కువ.

మోతాదు మీఱుట ఇందు పెద్ద దోషము. దండలు మితిమీఱినచో రేణువు పైభాగమంతయు వానితోనే కప్పబడి, రెండవ రేణువు వచ్చి అంటుకొనుటకు చోటుండదు. వంతెనలు కట్టుటకు మాఱుగా ఎవరి కోట వారికి కట్టినట్లగును. నీరు మరల మసకబాఱును. వడిగా చిలికినను పనికిరాదు. పొడవైన దండలు తెగిపోవును. పొడిని ఒక్కుమ్మడిగా నీటిలో క్రుమ్మరించినచో, రాగిపిండి ఉండకట్టినట్లు పైన తడిసి లోన పొడిగానే యుండును. అందువలన లీటరునకు ఒక గ్రాము చొప్పున, చల్లుచు, మెల్లగా కలుపుచు కరిగించి, కొంతసేపు నాననిచ్చి వాడుదురు. త్రాగునీటికి పటికయే ప్రధానము. పాలిమరు దానికి సహాయము మాత్రమే. పటిక లీటరునకు పదుల మిల్లీగ్రాములు పట్టుచోట పాలిమరు ఒక మిల్లీగ్రామునకు మించి వేయరు.

ఇప్పుడు రెండవ పాత్ర వైపు చూడుడు. పింజలు కట్టి అడుగునకు చేరుచున్నవి. మొదటి పాత్ర తొల్లింటివలెనే ఎఱ్ఱగా నున్నది.

పరిశ్రమలలో దీని యుపయోగము

మన జిల్లాలో చెఱకు పండించువారికి ఈ సంగతి సులభముగా తెలియును. బెల్లము వండునపుడు బెండకాడల జిగురును రసములో కలిపి, మడ్డి తెట్టెగా పైకి రాగా గరిటెతో తీసివేయుట పూర్వాచారము. అదియు జిగురుదండల పనియే. పెద్ద చక్కెర మిల్లులలో చెఱకురసమునకు సున్నపునీటిని చేర్చి, గంధకధూమము పట్టించి, మఱుగుస్థితికి కాచి, ఆపై ఋణవిద్యుత్తు గల పాలీఅక్రిలమైడును అత్యల్పముగా, పదిలక్షల పాళ్ల రసమునకు రెండు మూడు పాళ్లు మాత్రమే, కలుపుదురు. మడ్డి పెద్ద పింజలై తొట్టి యడుగునకు దిగును. పైని తేటరసమును చక్కెరకు తీసికొందురు.

సింథటిక్ పాలిమరులు రాకమునుపు గనులలో ఈ పనికి పిండిపదార్థమును, అనగా గంజిని, వాడుచుండిరి. సేలము, ధర్మపురి ప్రాంతములలో కఱ్ఱపెండలము పండించి సగ్గుబియ్యము చేయువారు ఆ పిండియొక్క జిగట నెఱుగుదురు. గంజియు నొక పొడవైన దండయే. అయితే అది త్వరగా పులియును. మోతాదును ఎక్కువగా కోరును. అందువలన పాలీఅక్రిలమైడు వచ్చిన పిదప అనేకచోట్ల గంజి వెనుకబడినది.

నగరముల మురుగునీటి శుద్ధికేంద్రములలో దీని యవసరము మఱింత యెక్కువ. అచ్చటి బురదలో నూటికి 95 పాళ్లకు పైగా నీరే యుండును. ధనవిద్యుత్తు గల పాలీఅక్రిలమైడును కలిపి, పట్టీలయంత్రముతో పిండినచోగాని, గిఱ్ఱున త్రిప్పు యంత్రములో వేసినచోగాని, నీరు విడిపోయి గట్టి ముద్ద మిగులును. నూటికి 3 పాళ్లు ఘనపదార్థము గల 100 బండ్ల బురద, 20 పాళ్లకు వచ్చునప్పటికి 15 బండ్లగును. మిగిలిన 85 బండ్లను తరలించు వ్యయము తప్పును.

కాగితపు మిల్లులలో సన్ననిపీచు నీటితోపాటు జాఱిపోకుండ జల్లెడపై నిలుపుటకు దీనిని వాడుదురు. చమురుగనులలో దీని పని వేఱు: పలుచని నీటిని భూమిలోనికి నెట్టినచో అది చమురును దాటి జాఱిపోవును, పాలీఅక్రిలమైడు కలిపి చిక్కబఱచినచో చమురును ముందునకు త్రోయును. చైనాలోని డాచింగు చమురుక్షేత్రమున ఇది 1996 నుండి పెద్దయెత్తున సాగినది. మన దేశమున రాజస్థానమందలి మంగళ క్షేత్రమున 2010 తరువాతి దశాబ్దమున ఈ పద్ధతిని చేపట్టిరి. అమెరికాలోని ఐడహో రాష్ట్రమున 1990 తరువాత, కాలువనీటిలో అత్యల్పముగా దీనిని కలిపి, సాళ్ల వెంబడి మట్టి కొట్టుకొనిపోవుటను ఆపిరి. జీవశాస్త్ర ప్రయోగశాలలలో మాంసకృత్తులను పరిమాణము ననుసరించి వేఱుచేయుటకు పాలీఅక్రిలమైడు ముద్ద 1959 నుండి వాడుకలోనున్నది. ఒకే పదార్థము ఇన్ని కొలువులు చేయుట వింతయే. కాని ఆ కొలువులన్నిటికిని మూలము ఒక్కటే: పొడవైన దండ, దానికి గల నీటి ప్రీతి.

దండ వేఱు, పూస వేఱు

తల్లిదండ్రులకు తప్పక చెప్పవలసిన మాట యొకటి గలదు. పాలీఅక్రిలమైడు దండ శరీరములోనికి ఇంకజాలనంత పెద్దది, ఇంచుమించు నిరపాయకరము. కాని గ్రుచ్చబడక మిగిలిన అక్రిలమైడు పూస అట్టిది కాదు. అది నరములకు విషము. మానవులకు పుట్టకురుపు కలిగింపగల సంభావ్యత గలదని 1994లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధనాసంస్థ దీనిని వర్గీకరించినది. స్వీడనుదేశమున హాలండ్సోస్ అను కొండలో రైలుసొరంగము త్రవ్వుచు, నీటి ఊటను మూయుటకు అక్రిలమైడు గల మందును 1997లో నింపిరి. అది సరిగా గట్టిపడక వాగులలోనికి ఊరెను. చేపలు చచ్చినవి, ఆ నీరు త్రాగిన ఆవులు కాళ్లు పడిపోయి కూలినవి, పనివారికిని నరముల బాధ కలిగెను. ఆ దేశస్థులే 2002లో మఱియొక సంగతి కనుగొనిరి. బంగాళాదుంపలవంటి పిండిపదార్థములను ఎక్కువ వేడిలో ఎఱ్ఱగా వేపినచో వానిలో తనంతట తానుగా కొంత అక్రిలమైడు పుట్టుచున్నదని తెలిసినది. కావున బిడ్డలకు వేపుడులు మాడకుండ, బంగారువర్ణమునకే దింపి పెట్టుట మేలు.

ఈ కారణముచేతనే త్రాగునీటి విషయమున కఠినమైన హద్దులు పెట్టిరి. లీటరు నీటిలో అక్రిలమైడు సగము మైక్రోగ్రామునకు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ సూచన. ఐరోపా సంఘము పదవ వంతు మైక్రోగ్రామునకే అనుమతించినది. పదివేల పాళ్ల పాలిమరులో 5 పాళ్లకు మించి మిగులుపూస లేనట్టి సరకును, లీటరునకు ఒక మిల్లీగ్రామునకు మించక వాడినయెడల, నీటిలోనికి వచ్చునది సగము మైక్రోగ్రామే. పరిశ్రమలకై అమ్ము సరకునకు ఈ నియమముండదు. బజారులో దొరకిన పొడిని నీరు తేర్చునని విని ఇంటి బిందెలో వేయుట ఎన్నటికిని కూడదు.

కంటికి కనబడని దోషము

ఇక మూడవ పాత్ర. దీనిలో నున్నది మందు వేయని బోరునీరు. రెండవ పాత్రలో తేఱిన చెఱువునీటి ప్రక్కన దీనిని పెట్టి చూడుడు. ఏది యేదో మీ కన్ను చెప్పలేదు. రెండును తేటయే. అయినను ఈ రెండింటి గుణములు వేఱు.

పటికయు, చిల్లగింజయు, పాలీఅక్రిలమైడును పట్టుకొనగలిగినది నీటిలో తేలాడు పదార్థమును మాత్రమే. నీటిలో కరగిన ఉప్పును అవి పట్టలేవు. ఉప్పునీటిలో ఎంత పాలిమరు వేసినను ఉప్పదనము పోదు. అట్లే ఫ్లోరైడును పోదు. ఫ్లోరైడు కరగిన లవణమునందలి భాగము. దానికి రంగు లేదు, వాసన లేదు, ఈ నీటిలోనుండు పాళ్లలో రుచియు తెలియదు. వడపోసినను వస్త్రముగుండ సాగిపోవును. కాచినచో నీరావిరియై పోయి, మిగిలిన నీటిలో ఫ్లోరైడు పాలు కొంత హెచ్చును గాని తగ్గదు.

మన ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతములు కఠినశిలామయములు. ఈ రాళ్లలోని కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు గలదు. వాన తక్కువైన సీమలలో, లోతైన బోరులలో నీరు చిరకాలము రాతిని అంటియుండుటచే ఆ ఫ్లోరైడు నీటిలోనికి దిగును. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఇది లీటరునకు 1 మిల్లీగ్రాము లోపల నుండవలెను; వేఱు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వఱకు ఓర్వవచ్చును. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన బిడ్డల శాశ్వతదంతములపై మొదట తెల్లని మచ్చలు, పిదప పసుపు, గోధుమరంగు చారలు వచ్చును. పాళ్లు మఱింత హెచ్చి, దశాబ్దములు గడచినచో ఎముకలలో చేరి వెన్నును కీళ్లను బిగించివేయును. పండ్ల పైపొర తయారగునది ముఖ్యముగా పుట్టినది మొదలు ఎనిమిదేండ్ల వఱకు. ఆ వయస్సున పడిన మచ్చ తరువాత ఎంత తోమినను పోదు. దీనికి నివారణయే గాని చికిత్స లేదు.

ఈ వ్యాధికిని తెలుగుసీమకును పాతపరిచయమే. మన దేశమున దీనిని వైద్యశాస్త్ర రీతిని మొదట వివరించినది 1937లో. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలనుగూర్చి షార్టు మొదలగు వైద్యులు ప్రకటించిన పరిశోధనయే అది. తరువాత నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడివడినది. ఆ పేరుననే ఒక చికిత్సాపద్ధతియు వెలసినది. మనుష్యునకు గాదు, నీటికి. నాగపురమందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనాసంస్థవారు 1970 తరువాతి దశాబ్దమున దీనిని రూపొందించిరి. నీటిలో సున్నమును, పటికను, బ్లీచింగు పొడిని లెక్కప్రకారము కలిపి, పింజలు కట్టించి, దింపి, వడపోయుటయే నల్లగొండ పద్ధతి. ఊరంతటికి సరిపడు మొదటి కేంద్రము 1980లో కదిరిలో నెలకొన్నది.

"పటిక కరగినదానిని పట్టలేదంటిరి గదా, ఇది యెట్లు?" అని మీరడుగవచ్చును. తేర్చుటకు వేయు పటిక పదుల మిల్లీగ్రాములు. ఫ్లోరైడునకు కావలసినది వందల మిల్లీగ్రాములు. అంత హెచ్చుగా పుట్టిన అల్యూమినియము జిగటకు ఫ్లోరైడు అంటుకొని దిగును. పట్టునది ఆ జిగటయే. పాలిమరు కలిపినను అది జిగటను త్వరగా దింపుటకే పనికివచ్చును గాని ఫ్లోరైడును తాను పట్టుకొనదు. ఎంత పటిక వేయవలెనో నీటిలోని ఫ్లోరైడును, క్షారగుణమును కొలిచినగాని తెలియదు. తక్కువైన ఫ్లోరైడు మిగులును. ఎక్కువైన అల్యూమినియము మిగులును. దిగిన బురదలో ఫ్లోరైడు చేరియుండును గనుక దానిని ఎక్కడ బడిన అక్కడ పారబోయరాదు. ఇట్టి పని శిక్షణగలవారు నడపవలసినదే గాని, ఇంటింట అంచనాపై చేయదగినది కాదు.

ఇప్పుడు హొగేనకల్ నీరెందుకో తెలియుచున్నది గదా! కన్నడమున పొగ రాయి యని అర్థము వచ్చు ఆ జలపాతము వద్దనుండి నీరు తీసి, శుద్ధిచేసి, రెండు జిల్లాలకు పంపు పథకమునకు 2008లో శంకుస్థాపన జరిగెను. 2013 మే నెలలో అది ప్రారంభమయ్యెను. జపానుదేశపు ఋణసహాయముతో 1,900 కోట్ల రూపాయలకు పైగా వ్యయము చేసిరి. 6,000కు పైబడిన గ్రామీణ నివాసములు దాని పరిధిలోనివి. ఆ పథకము పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ యనుమాట కలదు. కావేరి నదీజలము వఱదలో ఎఱ్ఱగా వచ్చును. చూచుటకు బోరునీటికంటె ఎంతయో హీనము. అయినను దానిలో ఫ్లోరైడు స్వల్పము. మట్టిని దింపుట, వడపోయుట, క్లోరిను కలుపుట తెలిసిన పనులు. కావేరి దోషము కంటికి కనబడును. దానికి మందు కలదు. బోరునీటి దోషము కంటికి కనబడదు. దానికి ఈ మందు చాలదు.

తల్లిదండ్రులు చేయదగినవి

ఇంతసేపు ఓపికతో వింటిరి. ఇంటికి పోయి చేయవలసినవి నాలుగు మాటలలో చెప్పెదను.

ఒకటి: త్రాగుటకును వంటకును గొట్టములో వచ్చు కావేరినీటినే వాడుడు. అది రానిదినములకై మూతగల పాత్రలలో నిలువజేసికొనుడు. స్నానమునకు, బట్టలకు, పశువుల కొట్టమును కడుగుటకు బోరునీరు చాలును. కొద్దిపాటి కావేరినీరు మాత్రమే దొరకుచో, దానిని ముందుగా ఎనిమిదేండ్ల లోపు పిల్లలకును గర్భిణీస్త్రీలకును కేటాయింపుడు. అన్నము, పప్పు ఉడికించిన నీరు కూడ కడుపులోనికే పోవునని మఱువకుడు.

రెండు: బోరునీరు తప్ప గతిలేని యిండ్లవారు, నీరు తేటగానున్నదని తృప్తిపడక, దానిలోని ఫ్లోరైడును ట్వాడ్ బోర్డు ప్రయోగశాలలో పరీక్షింపించుడు. ప్రక్కయింటి బోరు ఫలితము మన బోరునకు చెల్లదు; పది గజముల దూరమున రాతిపగులు మాఱిన నీరును మాఱును. ఫ్లోరైడు హెచ్చుగా నున్నచో రివర్స్ ఆస్మాసిస్ యంత్రముగాని, ఆక్టివేటెడ్ అల్యూమినా వడపోతగాని పనికివచ్చును. కాలానుగుణముగా వానిని బాగుచేయించుచుండవలెను.

మూడు: పటికను, చిల్లగింజను మట్టినీటిని తేర్చుటకు మాత్రమే వాడుడు. తేఱిన పిదప కాచి చల్లార్చి త్రాగుడు. ఏలయన సూక్ష్మజీవులన్నియు పింజలతో దిగవు. పటికను అతిగా వేయకుడు.

నాలుగు: పాలు, మజ్జిగ, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, జామ బిడ్డలకు విరివిగా పెట్టుడు. సున్నపుపదార్థము, సి విటమిను చాలినంత గల శరీరము ఫ్లోరైడుబాధను కొంత తట్టుకొనగలదు. ఇవి మన యూళ్లలో దొరకనివి కావు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క విన్నపము. ఈ మూడు పాత్రల పరీక్షకు వ్యయమేమియు లేదు. ప్రతి సంవత్సరము వానకాలమున దీనిని పిల్లలచేతనే చేయింపుడు. మట్టి దిగుట చూచి వారు సంతోషింతురు, అది మంచిదే. కాని మూడవ పాత్రను తప్పక ప్రక్కన నుంచుడు. "కన్ను తేట యనుచున్నది, మఱి కొలత యేమనుచున్నది?" అని అడుగు అలవాటు ఒక్క బిడ్డకు కలిగినను, ఆ యింటివారి నీటిబిందె పదేండ్లు భద్రము. ఆ బిడ్డయే రేపు ఇంజనీరై ఏ శుద్ధికేంద్రములోనో పాలిమరు మోతాదు నిర్ణయించునప్పుడు ఈ అలవాటు ఊరందఱికిని మేలు చేయును.

నీటిని తేర్చువిద్య గొప్పది. చిల్లగింజ నుండి పాలీఅక్రిలమైడు వఱకు అది మానవుని బుద్ధికి కీర్తి తెచ్చినది. అయితే ఏ మందు ఎంతవఱకు చేయగలదో, ఎచ్చట దాని శక్తి ముగియునో తెలిసికొనుటయు ఆ విద్యలోని భాగమే.